తాగేసి ఇంటికెళ్ళిపోవడమేనా?

సాయంత్రం బైబిల్ స్టడీలో సంఖ్యాకాండం 5వ అధ్యాయం తీశారు. భర్తకి అనుమానం, సాక్షి ఎవరూ లేరు, భార్యని యాజకుడి దగ్గరికి తీసుకెళ్ళి చేదు నీళ్ళు తాగించే భాగం, తప్పు చేసుంటే కడుపు ఉబ్బుతుందని, చేయకపోతే ఏమీ కాదని. వాక్యం చెప్పినాయన ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి, "తప్పు చేయనామెకి భయమెందుకు, తాగేసి ఇంటికెళ్ళిపోవడమేగా" అని! అందరూ తలలూపారు. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది.

తాగడం ఆఖర్నండీ. దానికి ముందు ఏం చేస్తారో చదవండి. తల మీద ముసుగు తీసేస్తారు, నూనె, సాంబ్రాణి లేని యవల పిండి చేతుల్లో పెడతారు. తర్వాత యూదు రబ్బీలు, అంటే మత గురువులు, సుమారు క్రీ.శ. 200లో కూర్చిన ధర్మశాస్త్ర వివరణల గ్రంథం మిష్నాలో ఇంకా ఘోరంగా ఉంది, యెరూషలేము దేవాలయం దగ్గర నికానోరు గుమ్మంలో నిలబెట్టి యాజకుడు ఆమె బట్టలు పట్టి లాగుతాడు, చిరిగితే చిరగనీ, రొమ్ము కనపడేదాకా, జుట్టు విప్పేస్తాడు, నగలు తీయించి నల్లబట్టలు కట్టించి పైన తాడు బిగిస్తారు. చూడాలనుకున్నవాళ్ళందరూ రావచ్చు. ఆమె దాసదాసీలు మాత్రం రాకూడదు, వాళ్ళని చూస్తే ఆమెకి ధైర్యం వస్తుందట! యవలే ఎందుకంటే, పశువులా ప్రవర్తించింది కాబట్టి పశువుల తిండే ఆమె నైవేద్యమని రబ్బన్ గమలీయేలు అనే గురువు వివరణ. నీళ్ళింకా తాగనేలేదు, అప్పుడే పశువైపోయిందా?

సరే, తాగింది, ఏమీ కాలేదు, నిర్దోషి. పిల్లలు పుడతారని దీవెన కూడా. మరి జనం కళ్ళారా చూసింది వెనక్కి తీసుకుంటారా? మర్నాడు నలుగురిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? సంఖ్యాకాండం అదే అధ్యాయం 31వ వచనం చూడండి, భర్తకి ఏ దోషమూ లేదు.

చివరికి యోహానాను బెన్ జక్కై అనే రబ్బీ ఈ చేదు నీళ్ళ తంతుని ఆపించాడు. వ్యభిచారులు ఎక్కువైపోయారని ఆపించాడు, ఆడదాని పరువు పోతోందని కాదు.

భర్తని శిక్షించడం ధర్మశాస్త్రానికి తెలియదా అంటే తెలుసు. ద్వితీయోపదేశకాండం 22లో పెళ్ళాం కన్య కాదని అబద్ధం చెప్పినవాడికి నూరు వెండి రూకల జరిమానా ఉంది. ఆ డబ్బు ఎవరికి? ఆమె తండ్రికి!

మా చుట్టాల్లో ఒకామెని ఇలాగే పెద్దల ముందు నిలబెట్టి బైబిల్ మీద ప్రమాణం చేయించారు. మొగుడు కుర్చీలో కూర్చుని చూశాడు. ఆమె తప్పు లేదని తేలాక అతన్ని ఒక్కరూ క్షమాపణ చెప్పమనలేదు, పైగా "ఇక మర్చిపోమ్మా, కాపురం చూసుకో" అని ఆమెకే బుద్ధి చెప్పారు. వచ్చే వారం ఆ అధ్యాయమే మళ్ళీ తీస్తే నేను లేచి అడుగుతా, నిర్దోషి అని తేలాక ఆ భర్త ఎవరి ముందు నిలబడాలో చెప్పమని.