పచ్చగుర్తు చాటున ‘కాలేదు’

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. అలాంటి చోట కూర్చుని తెలుగు యాప్‌లను పరీక్షించేవారు ముందుగా వదులుకోవలసిన అలవాటు ఒకటుంది: సందేశంలో ఎక్కడో ఒకచోట ఆశించిన మాట ఉంటే చాలని ఆటోమేటెడ్ టెస్టుకు, అంటే మనిషి బదులు యాప్‌ను తనిఖీ చేసే ప్రోగ్రాముకు, చెప్పడం.

ఇంగ్లిషులో ఈ పద్ధతి చాలావరకు నెట్టుకొస్తుంది. కాదనే మాట అక్కడ సాధారణంగా వాక్యం నడుమే వస్తుంది కాబట్టి పోలిక తెగిపోతుంది. మన వాక్యం చివరిదాకా చదివితే గాని అవునో కాదో తేలదు. ధాన్యం అమ్మిన రైతుకు ‘చెల్లింపు పూర్తి’ అని కనిపించాలని టెస్టు రాశారనుకుందాం. ‘చెల్లింపు పూర్తి కాలేదు’ అని వచ్చినా ఆ రెండు మాటలూ అందులో ఉన్నాయి. టెస్టు నెగ్గినట్టు పచ్చగుర్తు పడుతుంది, డబ్బు మాత్రం పడదు.

పోనీ అక్షరం పొల్లుపోకుండా పోల్చమంటే మరో తంటా. ‘మహబూబ్‌నగర్’లో ‘బ్’ తర్వాత కంటికి కనబడని యూనికోడ్ (ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్లో సంకేతాలిచ్చే ప్రమాణం) సంకేతం ఒకటి ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘న’ వచ్చి ‘బ’ కింద ఒత్తుగా చేరుతుంది. ‘రైతు’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ దాచవచ్చు, ఎత్వం, కింది గుర్తు అని రెండుగానూ దాచవచ్చు. చూడటానికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఈ ఐత్వం తేడాను ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేర్వేరుగా దాచినా ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) సరిచేస్తుంది. కనబడని సంకేతాన్ని ముట్టుకోదు. ఇక నల్లగొండ, నల్గొండ రెండూ వాడుకలో ఉన్నవే, వాటిని ఏ నార్మలైజేషనూ కలపలేదు. జిల్లాలను పేరుతో కాక కోడ్‌తో పోల్చడమే మేలు.

ఇలా కారణం తెలియకుండా టెస్టు ఎర్రబడుతుంటే, అంటే తప్పినట్టు చూపుతుంటే, విసుగొచ్చి మళ్లీ ‘ఉంటే చాలు’ దగ్గరకే పోతారు. అది చెడ్డ బేరమని నా అభిప్రాయం. అకారణంగా ఎర్రబడితే టెస్టరుకు ఒక పూట వృథా, అంతే. తప్పుడు పచ్చగుర్తు పడితే నష్టం రైతుకు. డబ్బు గురించి, దరఖాస్తు ఫలితం గురించి చెప్పే వాక్యాలను రెండు వైపులా, అంటే ఆశించినదాన్నీ తెరపై వచ్చినదాన్నీ, నార్మలైజ్ చేసి, మొదలు నుంచి తుదిదాకా పోల్చాలి. మొత్తాలు, తేదీలు మారేచోట, అక్షరాల నమూనాను వర్ణించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసి, వాక్యం అక్కడితో ముగియాలని చెప్పే డాలర్ గుర్తు చివర పెట్టి బిగించాలి. కనబడని సంకేతాన్ని రెండు వైపులా తీసేసి పోల్చే చిట్కా వెతుకులాటకు పనికొస్తుంది గాని తెర పరీక్షకు కాదు. ఊరి పేరు వికారంగా కనిపించినా ఆ టెస్టు పట్టుకోదు.

మరో పని కూడా తప్పనిసరి చేయాలి: విజయ సందేశం కోసం రాసిన ప్రతి టెస్టుకూ ఒకసారి ‘కాలేదు’ వాక్యాన్ని కావాలనే అందించి, అది ఎర్రబడిన తర్వాతే ఆమోదించాలి.