వాయిదాల పద్ధతిలో పర్యావరణం

హనుమకొండలో పర్యావరణ పరిరక్షణ ఎంత ముమ్మరంగా సాగుతోందో తెలియాలంటే భద్రకాళి చెరువు గట్టుదాకా వెళ్లనక్కర్లేదు. నయీంనగర్‌లోనో బాలసముద్రంలోనో జరిగే ఏదైనా గృహప్రవేశానికి వెళితే చాలు. వెనుకటికి ఇంటి యజమాని ముందు దేవుడి గది చూపించి, ఆ తరువాత టేకు తలుపు మీద చేయి వేసి దాని ధర చెప్పేవాడు. ఇప్పుడు దేవుడికి దూరం నుంచే ఒక నమస్కారం పెట్టించి, నేరుగా వాటర్ ప్యూరిఫయర్ దగ్గరికి తీసుకెళతాడు. అక్కడి నుంచి ఎయిర్ ప్యూరిఫయర్, ఆ పక్కన ఎయిర్ ఫ్రయర్, చివరికి పడకగదిలో ఫైవ్‌స్టార్ ఏసీ. ఒక్కోదాని ముందు కాసేపు భక్తిగా నిలబడాలి. భూగోళాన్ని కాపాడే పని ఇంత చల్లగా, కూర్చున్న చోటి నుంచే, సులభ వాయిదాల్లో చేయవచ్చని తెలియక మన పెద్దవాళ్లు పాపం ఎండలో చెట్లు నాటుతూ కాలం గడిపారు.

ముందుగా నీళ్ల సంగతి చూద్దాం. ఎందుకంటే ఈ దీక్షలో మాల వేసుకునేది అక్కడే. ప్యూరిఫయర్ అమ్మే కుర్రాడు టై కట్టుకుని మిట్టమధ్యాహ్నం వస్తాడు. రెండు గాజు గ్లాసులు అడుగుతాడు. అనుమానం రాకుండా మన ఇంటి గ్లాసులే. ఒకదాంట్లో మన నల్లా నీళ్లు, రెండోదాంట్లో తన సంచిలోని సీసా నీళ్లు పోస్తాడు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోనూ ముంచి ప్లగ్గు పెడతాడు. చూస్తుండగానే నల్లా నీళ్లలో బుడగలు లేస్తాయి, నీళ్లు పసుపు పచ్చగా మారతాయి, ఆపైన తుప్పు రంగు నురగ తేలుతుంది. రెండో గ్లాసులో చలనం ఉండదు. కుర్రాడు ఆ నురగను చెంచాతో పక్కకు తీసి, గొంతు తగ్గించి, "ఇన్నాళ్లూ పిల్లలకు ఇదే తాగించారమ్మా" అంటాడు. ఆ మాట విన్నాక సంతకం పెట్టకుండా ఉండగల తల్లి ఉంటుందా?

ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీలది. ఇనుప కడ్డీ గుండా కరెంటు నీళ్లలోకి పారితే ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. నీళ్లలో లవణాలు ఉంటేనే కరెంటు బాగా పారుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో అంతగా పారదు కాబట్టి రంగు రాదు. ఆ స్వచ్ఛమైన గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెడితే అదీ తుప్పు రంగుకే తిరుగుతుంది. అయితే ఇంటికొచ్చినవాడి ఎదుట ఉప్పు డబ్బా మూత తీయడం మర్యాద కాదు గనుక ఈ ప్రయోగం ఎవరూ చేయరు.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో, నోట పెట్టుకోలేని ఉప్పునీళ్లు ఉన్న చోట, నీళ్లను సన్నటి పొర గుండా నెట్టి లవణాలు తీసేసే ఆర్వో యంత్రం నిజంగానే మేలు చేస్తుంది. ఆ మాట కాదనకూడదు. కానీ లీటరులో 500 మిల్లీగ్రాముల దాకా లవణాలు కరిగి ఉన్నా తాగవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఆ లోపు ఉన్న నీళ్లకు ఆర్వో అవసరం లేదని, దాని వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే అంది. ట్రైబ్యునల్ వారికేం, వారు టై కట్టుకుని మన గడప దాకా రారు కదా. అందుకే నదినీళ్లు నల్లాలో వచ్చే వీధిలోనూ ఇంటింటికీ ఆర్వో వెలిసింది. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేస్తుంది. ఇంకొంచెం పెద్ద మోడల్ కొంటే, తీసేసిన ఖనిజాలను తిరిగి కలిపే గొట్టం కూడా ఉంటుంది. తీసినందుకు ఒక ధర, పెట్టినందుకు ఇంకో ధర. ఈ లావాదేవీలో ఒక గ్లాసు మన చేతికొస్తే, మామూలు యంత్రాల్లో దాదాపు మూడు గ్లాసులు సన్నటి గొట్టం గుండా సింకులోకి పోతాయి. దాని కింద ఒక బకెట్టు పెడితే గిన్నెలు కడుక్కోవచ్చు. పెట్టరు. వంటగది అందం చెడుతుంది. వాన చినుకును పట్టి రామప్ప, పాకాల చెరువులు నింపిన కాకతీయుల రాజధానిలో ఎనిమిది వందల ఏళ్ల పైచిలుకు పొదుపును మనం ఇలా ఖర్చుపెట్టి ఖాతా సరిచేస్తున్నాం.

గాలి విషయంలోనూ ఇదే క్రమశిక్షణ. ముందు వెంటిలేటర్లు సిమెంటుతో మూయించాలి, కిటికీలకు అద్దాలు బిగించాలి, ఇంటి ముందు వేపచెట్టు ఆకులు రాలుస్తోందని కొట్టించాలి. అప్పుడు గానీ ఎయిర్ ప్యూరిఫయర్‌కు చేతినిండా పని దొరకదు. పచ్చలైటు వెలుగుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వంటింట్లో అత్తగారు పప్పులో ఎండుమిర్చి పోపు వేసిన మరుక్షణం ఆ లైటు ఎర్రబడి, యంత్రం గుర్రుమంటుంది. అందరూ ఆవిడ వైపు చూస్తారు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, హాల్లోని యంత్రం దగ్గర దానికింకా ఏ గుర్తింపూ లేదు. వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో సీజను రోజున ఆ యంత్రాన్ని ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడాలని నాకో కోరిక.

ఎయిర్ ఫ్రయర్ గురించి ఎక్కువ చెప్పను. సంక్రాంతికి దానిలో సకినాలు చేశారు. బంధువులు ఒక్కొక్కటి తీసుకుని, ఆరోగ్యం బాగుందని మెచ్చుకున్నారు. రుచి గురించి ఎవరూ నోరెత్తలేదు.

ఇక ఏసీ. నేనెరిగిన ఒక ఇంట్లో త్రీస్టార్ ఏసీ ఒకటి ఉండేది. కరెంటు ఆదా చేద్దామని దాన్ని తీసేసి ఫైవ్‌స్టార్‌వి మూడు పెట్టారు. ఈ లెక్క నాకు ఎంతకీ అందలేదు గానీ, ఆ ఇంటి పెద్దబ్బాయి ఇంజనీరు కాబట్టి ఒప్పుకున్నాను. 2020 జనవరి నుంచి కొత్త స్టార్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. మనవాళ్లు వెంటనే దాన్ని 18కి దించి మందపాటి రగ్గు కప్పుకుంటారు. స్టార్లు కూడా శాశ్వతం కావు. 2022 జూలైలో కొలమానం మారినప్పుడు అంతకుముందు ఐదుతో వెలిగినవి ఒక మెట్టు దిగాయి. అన్నిటికంటే గొప్ప సంగతి, ఏసీ నుంచి పొగ రాదు. పొగంతా భూపాలపల్లి దగ్గర చెల్పూరులో వస్తుంది. అక్కడి కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లది. బొగ్గు కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. చెల్పూరువాళ్లు మన గృహప్రవేశాలకు రారు కాబట్టి మన ఇల్లు పచ్చనిల్లే.

డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకోవచ్చు కదా అని యజమానిని అడిగాను. 3 కిలోవాట్లకు కేంద్రం 78 వేల రాయితీ ఇస్తోందని ఆయనకు నాకంటే బాగా తెలుసు. "డాబా మీదికి చుట్టాలు ఎవరెక్కుతారండీ?" అన్నాడు. ఇంతకంటే నిజాయతీగల సమాధానం ఈ విషయంలో నేను వినలేదు.

అసలు అన్యాయం జరిగింది ఫ్యానుకు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంటే, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కోదాని మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి ఫ్యాన్లకూ స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు. ఏం లాభం? తలెత్తి చూసేవాడేడి? చుట్టాలను ఫ్యాను కిందికి తీసుకెళ్లి "ఇదిగోండి మా ఫ్యాను" అన్న మనిషి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

దాని విలువ తెలిసిన మనిషి అదే ఇంటి కింది వాటాలో అద్దెకుంటోంది. 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. దాటిందా, మొత్తం బిల్లు కట్టాలి. అందుకని నెలాఖరు దగ్గరపడేకొద్దీ ఆమె పొద్దున్నే మీటరు ముందు నిలబడి అంకెలు చూస్తుంది. ఖాళీ గదిలో లైటు వెలిగితే పిల్లల పేర్లు వీధి చివరిదాకా వినిపిస్తాయి. ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచిస్తూ నిలబడే మొగుడికి ఆ ఇంట్లో మర్యాద లేదు. వేసవిలో మూడు గదులకూ బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించింది, నెలకు 60 యూనిట్లు దించింది. తాగడానికి కిటికీ పక్కన, తడిగుడ్డ చుట్టిన మట్టి రంజన్ కుండ. పర్యావరణం అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. పైవాళ్ల దృష్టిలో ఆమెది పిసినారితనం.

కాబట్టి ఫ్యాన్ల తయారీదార్లకు నాదొక మనవి. పొదుపు, వాట్లు అంటూ మమ్మల్ని విసిగించకండి. ఫ్యాను మధ్యలో ఒక పచ్చలైటు పెట్టండి. పోపు వాసన తగలగానే అది ఎర్రబడాలి. ఫోనుతో తప్ప తిరగకూడదు. ధర మూడింతలు చేసి, వాయిదాలు ఇచ్చి, టై కట్టిన కుర్రాణ్ని మధ్యాహ్నం పూట పంపండి. గ్లాసులు మేమే ఇస్తాం.