9900 అనే అబద్ధం

తలకు కట్టుకునే లైటు లేనిదే రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా సాగదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు అర్ధరాత్రి పోయి చూడండి, కట్టల మీద ఆ లైట్లే తిరుగుతుంటాయి. నీటికి గాలి కలిపే ఏరియేటరు ఆగిందా, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందా, కాలి కింద పామేమైనా ఉందా, అన్నీ ఆ వెలుగులోనే చూసుకోవాలి. కొండపి, టంగుటూరు దిక్కున పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట చూసుకునే కూలీలకూ అదే ఆధారం. ఆ లైటులో ఉండేది చూపుడు వేలంత లిథియం సెల్. అది పోతే కొత్తది ఫోనులోనే ఆర్డరు పెడతారు. మంచి సెల్ ఒక్కటి కొనే డబ్బుకు రెండు సెల్‌లు, పైన చార్జరు ఉచితం అంటే ఎవరికి మాత్రం ఆశ ఉండదు?

ఆ సెల్ తొడుగు మీద 9900 ఎంఏహెచ్ అని పెద్ద అంకెల్లో ఉంటుంది. ఎంఏహెచ్ అంటే సెల్‌లో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత. కొన్నిటి మీద 12000 అని కూడా ఉంటుంది. ఇందులో అనుమానించడానికేమీ లేదు, అది పచ్చి అబద్ధం.

ఈ రకం సెల్‌ను 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో మార్కెట్లోకి వచ్చాయి. ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద కంపెనీలు ఎంత కిందామీదా పడ్డా ఈ సైజు సెల్‌లో పట్టేది 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. ఇంతకన్నా లావుగా, పొడుగ్గా ఉండే 21700 రకం సెల్ కూడా సాధారణంగా 5,000 చుట్టుపక్కలే ఆగుతుంది. మొలగొలుకుల వరి పండించిన నెల్లూరు జిల్లాలో సోలలో మూడు సోలల బియ్యం పట్టాయని ఎవరైనా చెబితే నవ్వుతాం. అదే మాట సెల్ మీద అచ్చేసి అమ్మితే మాత్రం డబ్బు కట్టి కొంటున్నాం.

మరి ఆ తొడుగు లోపల ఉండేదేమిటి? కొన్నిటిలో నాసిరకం సెల్. కొన్నిటిలో పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్‌కే కొత్త ప్లాస్టిక్ చొక్కా. ఇంకొన్నిటిలో పెద్ద డబ్బాలో చిన్న సెల్ పెట్టి, మిగతా చోటంతా ఏదో పొడి కూరతారు. అసలైన 18650 సెల్ 45 గ్రాముల దాకా తూగుతుంది. పరిచయం ఉన్న బంగారం కొట్టులో ఒకసారి త్రాసు మీద పెట్టించండి. 30 గ్రాములు కూడా తూగలేదంటే సంగతి తేలిపోయినట్టే. అలాగని సరిగ్గా తూగిందల్లా మంచిదని కాదు, ల్యాప్‌టాప్ ముసలి సెల్ కూడా సరిగ్గానే తూగుతుంది.

లైటు అర్ధరాత్రికే ఆరిపోవడం ఒక్కటే బాధైతే దీని మీద సంపాదకీయం రాయనక్కర్లేదు. లిథియం సెల్ లోపల రెండు లోహపు రేకులు చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. వాటి మధ్య తలవెంట్రుక కన్నా పల్చని ప్లాస్టిక్ పొర, చుట్టూ మండే గుణమున్న ద్రవం. ఆ పొర ఎక్కడ చిరిగినా, కరిగినా రేకులు రెండూ తగులుకుని వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి రసాయనాలు చెడి ఇంకా వేడి పుట్టిస్తాయి. 130 డిగ్రీల దగ్గర పొర పూర్తిగా కరిగిపోయిందంటే ఇక ఆపడం మన చేతుల్లో ఉండదు. మంట చిమ్ముతుంది, విషవాయువు వస్తుంది. మంచి సెల్‌లో ఒత్తిడి పెరిగితే కరెంటు తెగిపోయే ఏర్పాటు మూత కిందే ఉంటుంది. పేరూ ఊరూ లేని సెల్‌లో అదుందని ఎవరు పూచీ? పైగా ఉచితంగా వచ్చిన చార్జరు ఒకటి. 4.2 వోల్టుల దగ్గర చార్జింగు ఆగిపోవాలి. ఆపే తెలివి ఆ చార్జరుకు లేకపోతే సెల్ తెల్లవార్లూ ఉడుకుతూనే ఉంటుంది.

ఆ చార్జింగు జరిగే చోటు చూడండి. గుంట కట్ట మీద తాటాకు గుడిసె, అందులో మేత బస్తాలు, జనరేటరు కోసం తెచ్చిన డీజిల్ క్యాను, నులక మంచం, మంచం కోడు పక్కనే ప్లగ్గు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన కాంటాక్టులు. బ్యారన్ దగ్గరైతే చుట్టూ ఎండిన ఆకే.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. దాన్ని నకిలీ సెల్ ఖాతాలో వేయడం లేదు, అది బండితో పాటు వచ్చిన బ్యాటరీ. అలాంటిదే ఇంత పని చేయగలిగినప్పుడు అడ్రసు లేని సెల్‌ను తలగడ పక్కన పెట్టుకోవడమేమిటన్నదే మా భయం.

‘చూసి కొనుక్కోవాలి’ అని కొనేవాడికి చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. ఎంఏహెచ్ అంటే ఏమిటో కాపలా మనిషికి ఎందుకు తెలియాలి? అమ్మే వెబ్‌సైటుకు తెలియాలి. ఒక్కసారి చెప్పుల కోసం వెతికితే వారం పాటు చెప్పులే చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. 18650 అన్న మాట పక్కన 5000 దాటిన అంకె కనబడితే ఆ సరుకును ఆపేయడం వాళ్లకు పూట పని. ‘మేం మధ్యవర్తులం, అమ్మింది వేరే వాళ్లు’ అనే మాట విని విని విసుగొచ్చింది.

చట్టం లేక కాదు. లిథియం సెల్‌లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 ప్రమాణం ఉంది. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు సెల్ మీద లేకపోతే కొనకండి. ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, దొంగ నంబరైతే బయటపడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మన ఊళ్లోనే కేసు వేయవచ్చు. నెల్లూరు, ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్లలో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. కాకపోతే నూటయాభై రూపాయల సెల్ కోసం పని మానుకుని కమిషన్ చుట్టూ తిరిగే కూలీ ఎవరు? ఆ ధైర్యంతోనే ఈ వ్యాపారం సాగుతోంది.

అందుకే ఒక్కొక్కరి ఫిర్యాదుతో తేలే పని కాదిది. 2022లో బీఐఎస్ గుర్తు లేని ప్రెషర్ కుక్కర్ల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక పెద్ద ఆన్‌లైన్ వేదికకు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్మిన 2,265 కుక్కర్లనూ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మంది. ఆ కంపెనీకి లక్ష రూపాయలు చిల్లరే అనుకోండి, వెనక్కి తీసుకోమనడం మాత్రం చిన్న విషయం కాదు. కుక్కరుకు చేసింది సెల్‌కు ఎందుకు చేయరు?

జిల్లాలో కూర్చుని మొదలుపెట్టే దారి కూడా అదే చట్టంలో ఉంది. సెక్షన్ 16 కింద తన పరిధిలో ఇలాంటి ఫిర్యాదు మీద విచారణ జరిపి ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం కలెక్టరుకు ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లను మేము కోరేది ఇదే. ఈ వేసవిలోనే, చెరువు గట్ల మీద చార్జింగుకు పెట్టిన సెల్‌లు నాలుగు తెప్పించి తూయించండి, కొన్న బిల్లులు జతచేసి ఢిల్లీకి పంపండి.

అంతదాకా గుంటల యజమానులు, బ్యారన్ రైతులు ఒక పని చేయాలి. కాపలా మనిషికి లైటు కొనుక్కోమని డబ్బులిచ్చే బదులు, బిల్లు ఇచ్చే దుకాణంలో పేరున్న కంపెనీ లైటు, దానికి తగిన చార్జరు మీరే కొనివ్వండి. తొడుగు చిరిగిన సెల్, సొట్టపడిన సెల్, చార్జింగులో చేయి కాలేంత వేడెక్కే సెల్ ఇక వాడకండి. చార్జింగు మనిషి మెలకువగా ఉన్నప్పుడే, గుడిసె బయట, డీజిల్‌కు దూరంగా సిమెంటు దిమ్మె మీద పెట్టించండి.