‘ఎర్తింగ్ ఓకే’ అని రాసిస్తే సరిపోతుందా?

పోయిన కార్తీకంలో మూడు రోజులు వదలకుండా ముసురు పట్టినప్పుడు, పొద్దున ఆరున్నరకు మా పైపోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయి ఫోన్ చేసింది. “అన్నా, గీజర్ వేసి కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటా ఉంది. పిల్లోళ్లుండారు, ఒకసారి వచ్చి చూడండన్నా.” మాది తిరుపతి కొర్లగుంటలో 1998లో నాన్న కట్టించిన ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన రెండు. గీజర్ మెయిన్ ఆపేయమని చెప్పి బండి తీశాను గానీ దారి పొడవునా టెన్షనే. మూడు నెలల కిందటే కదా ఇల్లంతా చెక్ చేయించి రిపోర్టు తీసుకున్నాను, అందులో అంతా బాగుందనే కదా రాసిచ్చారు!

ఆ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒకే పేజీ. పైన లెటర్‌హెడ్, కింద స్టాంపు, సంతకం. మధ్యలో నాలుగు మాటలు: వైరింగ్ తృప్తికరంగా ఉంది, ఎర్తింగ్ ఓకే, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే, షాక్ కొడితే టక్కున లైను ఆపేసే స్విచ్చు) ఉంది, పాత వైరింగ్ కాబట్టి అవసరమైన చోట మార్చుకోవడం మంచిది. రెండు వేలు ఇచ్చి తీసుకున్నాను. ఏ గదిలో ఏం చూశారో లేదు, ఏ మీటరుతో కొలిచారో లేదు, ‘అవసరమైన చోట’ అంటే ఎక్కడో లేదు. నేనూ అడగలేదు, కాగితం చేతికొచ్చింది కదా అని ఫైల్లో పెట్టేశాను. ఆ తప్పు నాది.

ఆ రోజు మంగళం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి. మెయిన్ బోర్డు తెరిచి ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కాడు. టక్కుమని లివర్ కిందికి పడింది. హమ్మయ్య, పనిచేస్తోంది అనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా హాల్లో ఫ్యాను వైపు చూపించాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

విషయం ఏంటంటే, పైన రెండు పోర్షన్ల న్యూట్రల్ వైర్లు ఎక్కడో కలిసిపోయి ఉన్నాయి. అలా కలిస్తే ఒక పోర్షన్ ఫేజులో వెళ్లిన కరెంటు కొంత పక్క పోర్షన్ న్యూట్రల్‌లో తిరిగిపోయి, లెక్క తప్పి ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. అద్దెకున్నవాళ్లు విసుక్కుని ఉంటారు, ఎప్పుడో ఎవరో వచ్చి కరెంటును దాని గుండా పోనివ్వకుండా పక్క నుంచి నేరుగా ఎంసీబీలకు (లోడు ఎక్కువైతే పడే స్విచ్చులకు) కలిపేశారు. అంటే ‘ఆర్‌సీసీబీ ఉంది’ అని రాసినాయన అబద్ధం రాయలేదు, బోర్డులో అది ఉంది, బటన్ నొక్కితే పడుతుంది కూడా. ఇంట్లో మనిషికి షాక్ కొడితే మాత్రం అది ఏమీ చేయలేదు. ఒక్క నిమిషం ఫ్యాను వైపు చూసి ఉంటే తెలిసిపోయేది.

అందుకే అంటున్నాను, అంకెల్లేని, గది పేరు లేని, ఏం చూడలేదో చెప్పని రిపోర్టు అసలు రిపోర్టే కాదు. రిపోర్టు లేకపోతే కనీసం మనసులో ఒక భయమైనా ఉంటుంది, ఎప్పుడైనా చూపిద్దాంలే అనుకుంటాం. ఇలాంటి కాగితం ఆ భయాన్ని కూడా తీసేస్తుంది.

‘ఎర్తింగ్ ఓకే’ అన్న మాట ఎలా పుడుతుందో చూడండి. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ గుంత ఎంత బాగుందో తెలియాలంటే ఎర్త్ మెగ్గర్ అనే మీటరు తెచ్చి, గుంతకు దూరంగా రెండు చువ్వలు నేలలో దిగ్గొట్టి ఓమ్‌లలో కొలవాలి, ఎంత తక్కువొస్తే అంత మంచిది. మన సందుల్లో ఆ చివర నుంచి ఈ చివర దాకా సిమెంటే, చువ్వ దిగ్గొట్టే మన్ను ఎక్కడుంది? కాబట్టి చాలామంది 100 వాట్ల బల్బు తెచ్చి ఒక కొస ఫేజుకు, ఇంకో కొస ఎర్తుకు పెడతారు. వెలిగితే ఓకే. కానీ ఆ బల్బుకు కావలసిన కరెంటు అర ఆంపియర్ కూడా లేదు. ఎర్త్ 50 ఓమ్‌లు ఉన్నా, అంటే పనికిమాలిన స్థితిలో ఉన్నా, బల్బుకు ఓ 20 వోల్టులు తగ్గుతాయంతే, చూసే కంటికి తేడా తెలియదు. ఎర్త్ వైరు పూర్తిగా తెగిపోలేదు అని తప్ప ఆ పరీక్ష ఇంకేమీ చెప్పదు. పైగా మన కొండ కింది రాతినేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోయినప్పుడు ఒక రీడింగ్, కార్తీకం వానల్లో ఇంకో రీడింగ్ వస్తాయి, కాబట్టి ఏ నెలలో కొలిచారన్నది కూడా ముఖ్యమే.

సరే, నిజంగానే కొలిచి 5 ఓమ్‌లు వచ్చాయనుకుందాం. ఇంటికి అది మంచి రీడింగే అంటారు. ఇక్కడే మనలాంటి ఇంటి ఓనర్లకు తెలియని సంగతి ఒకటుంది. గీజర్ లోపల ఎలిమెంటు పాడై ఫేజు దాని బాడీకి తగిలితే, ఆ కరెంటు మన గుంత గుండా భూమిలోకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్తు గుండా తిరిగి వెళ్లాలి. అక్కడో 5 ఓమ్‌లు వేసుకుంటే మొత్తం 10. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. గీజర్‌కు పెట్టిన 20 ఆంపియర్ల ఎంసీబీ ఆ మాత్రానికి గంటసేపైనా పడకపోవచ్చు, ఎందుకంటే దాన్ని తయారుచేసేదే అంత చిన్న తేడాకు పడిపోకుండా ఉండేట్టు. అంతసేపూ గీజర్ బాడీ మీద, దానికి తగిలి ఉన్న ఇనుప పైపు మీద 115 వోల్టుల దాకా ఉంటుంది. తడి కాళ్లతో ఒక పిల్ల ఆ కొళాయి పట్టుకుంటుంది. ఎర్తింగ్ బాగుంది, ఎంసీబీలు బాగున్నాయి, రిపోర్టులో రెండూ ఓకే. ఆ పిల్లను కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కటే, అంత కరెంటు పక్కదారి పడితే 300 మిల్లీ సెకన్ల లోపే అది కరెంటును కోసేయాలి. ఎన్ని మిల్లీ సెకన్లలో పడిందో చూపించే చిన్న టెస్టర్లు బజారులో దొరుకుతున్నాయి. ఆ అంకె నేను చూసిన ఏ రిపోర్టులోనూ లేదు.

దీనికి పూర్తిగా ఎదురు తీరు ఇంకొకటుంది, అది భయపెట్టే రిపోర్టు. మా తమ్ముడికి చిత్తూరులో చిన్న ఇల్లుంది. అక్కడికి వచ్చినాయన అరగంట చూసి ‘వైరింగ్ ప్రమాదకరం, మొత్తం మార్చాలి’ అని రాసి, అదే కాగితం వెనక లక్షా డెబ్బై వేలకు కొటేషన్ కూడా రాసిచ్చాడు. వైర్లు కాలిపోయాయా, ఇన్సులేషన్ పోయిందా, ఇండక్షన్ స్టవ్‌కూ ఏసీకీ సన్నవైరు వేశారా, ఏదీ చెప్పలేదు. వైరు ఇన్సులేషన్ చూసే 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిస్తే ఒక్కో లైనుకూ కనీసం 1 మెగా ఓమ్ రావాలి, అంతకన్నా తక్కువొచ్చిన లైను ఏదో అదే మార్చుకోవచ్చు. ఆ పరీక్ష చేయాలంటే టీవీ, ఫ్రిజ్, బల్బులు అన్నీ తీసేయాలి, అద్దెకున్నవాళ్లు పొద్దంతా ఓపిక పట్టాలి. కష్టమైన పనే. చేయలేకపోతే చేయలేదని రాయాలి గానీ లక్షా డెబ్బై వేలు అని రాయకూడదు. తప్పు వెతికేవాడూ ఆ తప్పును బాగుచేసి డబ్బు తీసుకునేవాడూ ఒకరే అయినప్పుడు, ఎంత మంచివాడైనా ఆ మాటను ఇంకొకరితో సరిచూసుకోక తప్పదు.

చట్టం లేక ఇలా ఉంది అంటారు కొందరు. మా పెదనాన్న కొడుకు ఇంగ్లండులో ఒక ఇల్లు అద్దెకిస్తున్నాడు, అక్కడ చట్టం ఉంది. 2020 జూలై నుంచి కొత్త అద్దెలకు, 2021 ఏప్రిల్ నుంచి అప్పటికే ఉన్న అద్దెలకు, కనీసం ఐదేళ్లకోసారి అర్హత ఉన్నవాళ్లతో తనిఖీ చేయించాలి, రిపోర్టు కాపీ 28 రోజుల్లో అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలి. లోపాలకు కోడ్‌లు కూడా ఉన్నాయి: సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం, సీ2 అంటే ప్రమాదం జరగొచ్చు, సీ3 అంటే బాగుచేసుకుంటే మంచిది, ఎఫ్ఐ అంటే ఇంకా లోతుగా చూడాలి. మరి అక్కడ గొడవ లేదా అంటే ఉంది. సీ3 రాయాల్సిన చోట సీ2 రాశారని ఓనర్లు వాదిస్తారు, ఎందుకంటే సీ2 అయితే ఖర్చుపెట్టి బాగుచేయించాల్సిందే. అయినా తేడా ఏంటంటే, అక్కడ వాదించడానికి చేతిలో ఒక కోడ్, ఒక అంకె, ఒక గది పేరు ఉంటాయి. మన ‘అవసరమైన చోట’ అన్న మాటతో ఎవరితో ఏం వాదిస్తాం?

మన దగ్గర ఇంటికి కొత్త సర్వీసు తీసుకునేటప్పుడు లైసెన్సున్న కాంట్రాక్టరు వైరింగ్ రిపోర్టు ఇస్తాడు, తర్వాత మామూలు అద్దె ఇంటిని ఇన్నేళ్లకోసారి చూడాలని అడిగేవాళ్లు లేరు. 1912కు ఫోన్ చేస్తే కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ వాళ్లు వచ్చి మీటరు దాకా చూస్తారు, మీటరు దాటితే మనదే బాధ్యత. ఎర్త్ లీకేజీ రక్షణ, అంటే ఆర్‌సీసీబీ లాంటి దాని గురించి కేంద్ర నిబంధనల్లో 2010లోనే ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనల్లోనూ ఉంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో కూడా ఇంటి లోపలి, బయటి వైరింగ్ ఓనరు బాధ్యత అనీ, స్విచ్చులు, సాకెట్ల రిపేరు అద్దెకున్నవాళ్లదనీ రాసి ఉంది. ఇక ప్రాణం పోయే ప్రమాదం జరిగితే 2003 విద్యుత్ చట్టం కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణకు వస్తారు. అప్పుడు ఆయన ముందు మనం పెట్టేది ఈ నాలుగు మాటల కాగితమేనా?

యూనివర్సిటీల చుట్టుపక్కల, బైరాగిపట్టెడ, పద్మావతిపురం వైపు ఎన్ని ఇళ్లు హాస్టళ్లయ్యాయో చూస్తున్నాం కదా. నలుగురు కుటుంబంగా ఉండడానికి వేసిన వైర్ల మీద పన్నెండు మంది పిల్లలు, మూడు గీజర్లు, గదికో ఏసీ. అక్కడి ఓనర్లకు ఒకటే చెప్తాను, ఆ పిల్లల అమ్మానాన్నలు మనల్ని నమ్మి ఊరెళ్లిపోయారు.

కాబట్టి పనికి పిలిచేటప్పుడే చెప్పేయండి: చెక్ చేసినందుకు వేరుగా డబ్బులిస్తాను, రిపేరు పని నీకిస్తానో లేదో తర్వాత సంగతి. ‘సర్టిఫికెట్ కావాలి’ అనొద్దు, అలా అడిగితే సర్టిఫికెటే వస్తుంది. కాంట్రాక్టరు లైసెన్సు నంబరు, చూసిన మనిషి పర్మిట్ నంబరు కాగితం మీద ఉండాలి. ఎర్త్ ఎన్ని ఓమ్‌లు, ఏ తేదీన, దేనితో కొలిచారు. ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ సెకన్లకు పడింది, పడినప్పుడు ఏ గదుల్లో కరెంటు పోయింది, ఎక్కడ పోలేదు. మెగ్గర్ రీడింగ్ లైనువారీగా. ఇవాళే ఆపేయాల్సినవి ఏవి, నెలలో చేయాల్సినవి ఏవి. తాళం వేసుండో, కప్‌బోర్డు అడ్డమై ఉండో చూడలేకపోయినవి ఏవి. బోర్డు ఫోటో కూడా తీయించండి. దీనికి అరపూట పైనే పడుతుంది, రెండు వేలకు ఎవరూ చేయరు, నాకు మూడు పోర్షన్లకు కలిపి ఆరు వేలయింది. తర్వాత ఆ కాపీ అద్దెకున్నవాళ్లకు ఇవ్వండి. ఇస్తే రేపు మన మీదికే వస్తారని కొందరి భయం. నేను ఇచ్చాక జరిగింది వేరే, కింది పోర్షన్ ఆయన కాగితం చదివి, వాళ్ల వంటింట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించిన ఫ్రిజ్ తనే తీసి వేరే ప్లగ్గుకు మార్చుకున్నాడు.

మొదటి రిపోర్టు ఇచ్చినాయనకు ఆ పేజీ తిరిగి పంపి, మీరు ఏం కొలిచారో అంకెలు రాసివ్వండి అని అడిగాను. “అందరికీ ఇట్లనే ఇస్తాం సామీ, ఇంతవరకూ ఎవురూ అడగలేదు” అన్నాడు. ఆయన మీద కోపం పెట్టుకోలేదు, నిజమే చెప్పాడు.

గీజర్ మార్చేశాం. కలిసిపోయిన న్యూట్రల్ పైన మధ్య గోడ దగ్గరి జంక్షన్ బాక్సులో దొరికింది, విడదీసి ఒక్కో పోర్షన్‌కూ కొత్త ఆర్‌సీసీబీ పెట్టాం. ఇంకో పని మిగిలే ఉంది: వెనక గదికి వెళ్లే లైను మెగ్గర్‌లో 0.4 మెగా ఓమ్ మాత్రమే చూపిస్తోంది, గోడలో పైపు పూడిపోయి వైరు లాగడానికి రావడం లేదు, కొత్తగా గోడ కొట్టాలి. ఆ అమ్మాయి పెద్ద కొడుక్కి పరీక్షలున్నాయి, అవి అయ్యాక గోడ పని పెట్టుకుందామంది. అందాకా ఆ గది ఎంసీబీ దించి టేపు అంటించాం, అద్దెలో వెయ్యి తగ్గించుకున్నాను.