మంచులో వెనుకబడిన జిల్లాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నీళ్లలో వెనుకబడ్డాయని, చదువులో వెనుకబడ్డాయని, పరిశ్రమల్లో వెనుకబడ్డాయని ఇన్నేళ్లుగా రాసినవాళ్లలో ఒక్కరైనా ఇవి మంచులో కూడా వెనుకబడ్డాయన్న సంగతిని పట్టించుకోలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్న మనం ఆ వరుసలో మంచును చేర్చడం ఎట్లా మరిచిపోయామన్నది విచారణ జరిపించవలసిన విషయం. డిసెంబరు నడిమికి వచ్చేసరికి ఈ లోటు ఎంత తీవ్రమైనదో తెలిసొస్తుంది. పక్కింటివాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో మనాలీ ఉంటుంది, ఎదురింటివాళ్ల స్టేటస్‌లో గుల్‌మార్గ్ ఉంటుంది, మన స్టేటస్‌లో మాత్రం శుభోదయం అని రాసిన గులాబీ పువ్వు ఉంటుంది. ఒక జిల్లా ఆత్మగౌరవం ఇంతకన్నా దిగజారడానికి చోటు లేదు.

శాస్త్రవేత్తలు చెప్పే సాకులు మనకు తెలియనివి కావు. ఈ రెండు పట్టణాలు భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నాయట, సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తు కూడా గట్టిగా లేవట, డిసెంబరు రాత్రి ఎంత చలిపెట్టినా పాదరసం 15 డిగ్రీలకు అటూఇటూ తచ్చాడుతుందే తప్ప సున్నా దాకా దిగే ఉద్దేశం దానికి లేదట, పైగా ఆ రోజుల్లో ఈశాన్యం నుంచి వీచేది పొడిగాలి కాబట్టి మంచు కురవడానికి కావలసిన తేమ అందులో ఉండదట. కృష్ణా నీళ్లు మెట్ట మీది పొలాలకు ఎక్కవని వెనకటికి చెప్పిన నోళ్లు కూడా ఇట్లాగే లెక్కలు చెప్పాయి. శ్రీనగర్‌లో మొదలై 3,700 కిలోమీటర్లకు పైగా సాగి కన్యాకుమారికి చేరే 44వ నంబరు జాతీయ రహదారి మన జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగానే పోతుంది. అదే రోడ్డు మీద కశ్మీరు ఆపిళ్లు లారీలెక్కి వస్తున్నాయి. శాలువలు మూటలుగా వస్తున్నాయి. మంచు ఒక్కటే ఏదో టోల్‌గేటు దగ్గర ఆగిపోతున్నదంటే, అందులో ప్రకృతి వివక్ష తప్ప మరొకటి కనిపించదు.

నల్లగొండకు జరిగింది మరీ అన్యాయం. ఫ్లోరైడ్ లేని గుక్కెడు నీళ్ల కోసం ఎముకలు వంగిపోయేదాకా దశాబ్దాలు కాచుకున్న ఊళ్లు మర్రిగూడ, మునుగోడు దిక్కున ఉన్నాయి. మామూలు నీళ్లకే అంతకాలం ఓపిక పట్టినవాళ్లు గడ్డకట్టిన నీళ్లకు ఇంకొంత కాలం ఓపిక పట్టలేరా అని అధికారులు అడగవచ్చు. అడిగే హక్కు వాళ్లకు ఎప్పుడూ ఉన్నది.

ప్రభుత్వం మంచును మన దగ్గరికి తేనప్పుడు మనమే మంచు దగ్గరికి పోవాలన్న స్వయంసహాయక ఉద్యమం ఈ నేపథ్యంలోనే పుట్టింది. బడులకు క్రిస్మస్ సెలవులు ఇచ్చేనాటికి ఉద్యమకారులు రైలెక్కి ఉంటారు. ఇందుకు వాళ్లు చూపే క్రమశిక్షణను తక్కువ చేయరాదు. టికెట్ల ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేశారు కాబట్టి, దీపావళి రోజుల్లోనే ఇంటిల్లిపాదీ ఉదయం ఎనిమిది గంటలకు తలా ఒక ఫోను పట్టుకొని కూర్చుంటేనే బెర్తు దక్కుతుంది. దక్కనివాళ్లు ముందురోజు తత్కాల్ అదృష్టాన్ని పరీక్షించుకుంటారు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఒక పగలూ ఒక రాత్రీ దాటిన రైలు ప్రయాణం, అక్కడి నుంచి మనాలీకి ఇంకో 500 కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం, చివర్లో కడుపు తిప్పే మలుపులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద పల్లెవెలుగు ఎక్కుతున్న ఆడవాళ్లు ఆ బస్సు మనాలీ దాకా ఎందుకు పోదని ఇంకా అడగలేదు. అడిగేనాటికి వ్యవస్థ సిద్ధంగా ఉండటం మంచిది.

బయలుదేరే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక రాజ్యాంగ సంక్షోభం తలెత్తుతుంది. దానికి కారణం అవ్వ. గడియారం సెంటర్‌లో రోడ్డు పక్కన బేరమాడి తెచ్చిన స్వెటర్లు, మంకీ క్యాపులు, ఉన్ని చేతితొడుగులు ట్రాలీ బ్యాగులో సర్దుతుండగా, ఆమె ఎవరితోనో ట్రంకు పెట్టె దింపించి, మూత తీయించి అందులోంచి ఒక బొంత బయట పెడుతుంది.

ఆ బొంత నిర్మాణాన్ని ఇక్కడ నమోదు చేయడం అవసరం. అడుగున ఒక నారాయణపేట నూలు చీర, దాని మీద తాత కట్టి విడిచిన ధోవతులు, ఆ ధోవతులు పిగిలిన చోట్ల మలిచి పెట్టిన లంగా ముక్కలు, అన్నింటికీ పైన రంగు వెలిసినా అంచు వెలవని ఇంకొక చీర. ఇన్ని పొరలను బండల మీద ముడత లేకుండా పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలల మీద బరువులు పెట్టి, మొదట పొడుగు టాకాలతో కదలకుండా పట్టించి, ఆ తరువాత పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి వేలెడు ఎడంతో వరుస మీద వరుస కుట్టుకుంటూ పోవాలి. చేన్ల పని లేని ఎండాకాలపు మధ్యాహ్నాల్లో మొదలుపెడితే వానలు పడేనాటికి ఒక బొంత తేలుతుంది. కుట్టు తిన్నగా ఉండదు, ఎందుకంటే నేల మీద కూర్చున్న మనిషి మోకాలు ఎటు జరిగితే వరుస అటు వంగుతుంది. ఏ పొరలో ఎవరి చీర ఉన్నదో అవ్వకు తెలుసు. అందులో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు లేరు. గుడ్డల పొరల మధ్య చిక్కిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదని బడిలో సైన్సు పాఠం చెప్పి, జవాబు రాసినవాడికి మార్కులు వేస్తారు. ఆ పాఠాన్నే మడిచి ఇంట్లో పెట్టెలో పెడితే నామోషీగా ఉంటుంది.

"అవ్వా, గది విమానంల రానియ్యరు," అని మనవడు అబద్ధం ఆడతాడు. పోయేది రైల్లో.

"చలి చూడనీకి పైసలిచ్చి పోతున్నరా కొడుకా?" అంటుంది అవ్వ. "మా కాలంల చలి ఇంటికే వచ్చేది, పైసలు అడగకపోయేది."

ఇటువంటి ప్రగతి నిరోధక వాదనలకు జవాబు చెప్పవలసిన పని లేదు గాని, బొంత మీది చిన్నచూపుకు ఉన్న చారిత్రక కారణాన్ని మాత్రం ఒప్పుకోవాలి. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు, ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి మేస్త్రీ వెంట వలసపోయిన మనిషి దగ్గర ట్రాలీ బ్యాగు లేదు. గిన్నెలు ఒక సంచిలో వేసుకొని, బొంతను చుట్టి నెత్తిన పెట్టుకొని, మక్తల్‌లోనో కోస్గిలోనో బొంబాయి బస్సు కోసం రాత్రి దాకా కూర్చున్నాడు. అతను పోయింది కూడా దూరప్రయాణమే. కాకపోతే సెలవు లేదు, తిరుగు టికెట్టు లేదు, స్టేటస్ పెట్టుకునే వీలూ లేదు. బొంత కనబడగానే ఆ బస్టాండు గుర్తుకొస్తుంది కాబట్టి కొడుకుల తరం దాన్ని పెట్టెలో పెట్టింది, మనవల తరం పెట్టెను అటక ఎక్కించింది. మనిషి పైకి వచ్చాడని లోకానికి తెలియాలంటే ముందు కప్పుకునేది మార్చాలి కదా.

కొన్ని ఇళ్లలో రాజీ ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్ వేసి నాలుగు డబ్బులు సంపాదించే కోడలు, యూట్యూబులో చూసి, ఆ బొంతనే కత్తిరించి టోపీ ఉన్న కోటు కుడతానని ముందుకొస్తుంది. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు తీసుకున్ననాటి నుంచి కుట్టుమిషను ఎన్నింటినో తట్టుకున్నది గాని, అవ్వ బొంతను తట్టుకోవడం దానివల్ల కాలేదు. పాదం కిందికి ఆ మందం పట్టదు. బలవంతంగా పట్టిస్తే 14 నంబరు సూది మొదటి మడత దగ్గరే విరుగుతుంది. 18 నంబరు సూది వేస్తే దిగుతుంది గాని, పైదారం అడుగుకు జారి, బాబిను దగ్గర గుత్తులు గుత్తులుగా చుట్టుకొని, చక్రం ముందుకూ పోక వెనక్కూ రాక నిలిచిపోతుంది. కోడలు బొంతను వెనక్కి లాగి, బ్లేడుతో ఆ చిక్కు కోసేసరికి అరగంట. కోటు ఆలోచన అంతటితో విరమించబడుతుంది. టైలరు దగ్గరికి పోదామంటే డిసెంబరు 24 రాత్రి దాకా ఆయనకు ఊపిరి సలపదు. క్రిస్మస్ బట్టలు రేపు ఇస్తానని చెప్పి పంపడమే ఆ రోజుల్లో ఆయనకు పూర్తికాలపు ఉద్యోగం.

ఇక మంచు దగ్గర జరిగేదేమిటో చూద్దాం. మనాలీ దాటి పైకి పోయే దారిలో వరుసగా కోట్ల దుకాణాలు ఉంటాయి. ఎర్రవి, పసుపువి, నీలివి, లోపల స్పాంజి కూరిన పాలిస్టరు కోట్లు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు అక్కడ కిరాయికి ఇస్తారు. గడియారం సెంటర్ స్వెటరు మంచుకు ఆగదని డ్రైవరే బండి ఆపి చెబుతాడు. నిన్న ఎవరో తొడిగి, మొన్న ఇంకెవరో తొడిగి, ఈ సీజనులో ఉతుకు ఎరుగని ఆ కోటును వందల రూపాయలు ఇచ్చి మన పత్తి జిల్లా పౌరుడు గర్వంగా ఒంటికి తగిలించుకుంటాడు. సొంత అవ్వ చీర కప్పుకోవడానికి సిగ్గుపడిన మనిషి ముక్కూమొహం తెలియనివాళ్ల చెమటను కిరాయికి తొడుక్కోవడాన్ని జాతీయ సమైక్యత అనే అనాలి. కశ్మీరు దాకా పోయినవాళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. అక్కడి పొడుగు అంగీ ఫెరన్ తొడిగించి, నిప్పులు పోసిన చేతికుంపటి కాంగ్డీ ఇచ్చి ఫొటో తీస్తే ఆనందంగా డబ్బులిస్తారు. దక్కను గొర్రె ఉన్నితో నేసిన నల్లగొంగడి కప్పుకొని, కుంపటి ముందు కూర్చున్న మేనమామతో మాత్రం ఫొటో దిగరు. దిగినా స్టేటస్ పెట్టరు.

మంచు కనబడుతుందా అన్నది వేరే ప్రశ్న. 2020 అక్టోబరులో ప్రారంభించిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతల లాహౌల్ లోయలోకి పోతే దొరకవచ్చునని ఏజెంటు అంటాడు. దొరకకపోవడానికి కూడా సిద్ధపడాలి. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లోనే మంచు పడక వాలులన్నీ మట్టిరంగులో బోసిగా కనిపించాయి. మంచు లేని నేలను చూడటానికే అయితే రెండు వేల కిలోమీటర్లు పోనక్కరలేదు. ఆ సౌకర్యం నల్లగొండలో ఏడాది పొడవునా ఉచితంగా అందుబాటులో ఉన్నది.

సరిగ్గా ఆ వారంలో మన జిల్లాలో నేల తెల్లగా ఉంటుందన్న విషయాన్ని పర్యాటకుల దృష్టికి తెచ్చినవాళ్లు లేరు. చండూరు, నాంపల్లి, దేవరకొండ దారుల్లో ఇరువైపులా పత్తి చేన్లు పగిలి ఉంటాయి. ట్రాక్టర్లలో ఎత్తుగా నింపి తాళ్లు కట్టిన పత్తి మిల్లుల దిక్కు పోతుంటే, రోడ్డు మీదికి వంగిన తుమ్మకొమ్మలు ఒక్కొక్క బండి నుంచి కొంత సుంకం వసూలు చేసుకొని, పింజలు వేలాడేసుకొని నిలబడతాయి. రాలినవి తారు అంచున గాలికి దొర్లుతుంటాయి. ఆ రోడ్డు మీద నుంచే క్రిస్మస్ చెట్టు కొనడానికి పట్నం పోయినవాళ్లు, దాని కొమ్మల మీద మంచులాగా పరచడానికి మెడికల్ షాపులో దూది కట్ట కొనుక్కొని తిరిగి వస్తారు.

ఈ తెల్లదనానికి ఉన్న లోపమల్లా ఒక్కటే, దీన్ని చూడటానికి డబ్బులు తీసుకోరు, అమ్మడానికి మాత్రం ముప్పుతిప్పలు పెడతారు. 2025–26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాని తేమ 8 శాతం దాటితే ధర కోత పడుతుంది, 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొనరు. డిసెంబరు తెల్లవారుజామున పొగమంచు దిగి పింజ తడిస్తే, రైతు దాన్ని వాకిట్లో ఎండబెట్టి, తిరగేసి, మళ్లీ మూటకట్టి, ఫోనులో కపాస్ కిసాన్ యాప్ తెరిచి పత్తి అమ్ముకునే స్లాటు కోసం చూస్తాడు. అదే సమయానికి అతని కొడుకు ఇంకో ఫోనులో మనాలీ దగ్గరి సోలాంగ్ లోయలో గాలిగొడుగు (పారాగ్లైడింగ్) స్లాటు కోసం చూస్తుంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ తేమ గురించే ఆందోళన పడుతున్నారు, తండ్రికి ఎక్కువైందని, కొడుక్కి తక్కువైందని.

కాబట్టి ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. దేవరకొండ రోడ్డు పక్కన బాగా పగిలిన పత్తి చేన్లను ఎంపిక చేసి, వాటిని హిమ వీక్షణ కేంద్రాలుగా ప్రకటించాలి. గేటు దగ్గర బొంతలు, గొంగళ్లు గంట లెక్కన కిరాయికి ఇవ్వాలి. కిరాయికి ఇస్తే తప్ప మనవాళ్లు కప్పుకోరని ఇప్పటికే రుజువైంది. కిరాయి డబ్బు కుట్టిన అవ్వకు చేరాలి, కోసి కోటు చేయాలన్న కోడళ్లకు ప్రవేశం ఉచితం. లోపలికి వచ్చిన కుటుంబానికి మనిషికొక వడిసంచి కట్టి, ఫొటో దిగిన సాలులో పత్తి ఏరించాలి. కూలీలు దొరకక అల్లాడుతున్న రైతుకు పర్యాటకులే ఎదురు డబ్బిచ్చి పత్తి ఏరి పెట్టినట్టవుతుంది. ఆకు, తొడిమ కలవకుండా ఏరడం వాళ్లకు మొదటిరోజు చేతకాదు గనుక, అవ్వలను గైడ్లుగా నియమించి, వాళ్లకు తిట్టే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. సందర్శన వేళలు ఉదయం పదిగంటల తరువాతే ఉండాలి. అంతకుముందు వస్తే మంచు పట్టిన చేను ఫొటోకు ఇంకా బాగుంటుంది గాని, తడి పత్తి ఏరించి తేమ 12 శాతం దాటించిన కుటుంబం ఆ క్వింటాళ్లను తామే కొని, మనాలీకి తీసుకుపోయి ఆరబెట్టుకోవలసి ఉంటుంది.