రిసోట్టో గారికి, సత్యనారాయణపురం నుంచి

మహారాజశ్రీ రిసోట్టో గారి సముఖానికి,

విజయవాడ నుంచి ఒక గృహిణి రాసుకునేది. ఉభయకుశలోపరి అనాలి గానీ ఇక్కడ కుశలం లేదు. నిన్న ఆదివారం పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా స్టవ్ ముందు నిలబడిన కాళ్ళు ఇంకా లాగుతున్నాయి. కుడి భుజం సంగతి అడగొద్దు.

మిమ్మల్ని పిలిచింది నేను కాదు, మా అబ్బాయి. ఇటలీ అన్నం వంటకమైన మిమ్మల్ని బెంగళూరులో ఎక్కడో తిన్నాడట. "ఏముందమ్మా, అన్నమే కదా" అన్నాడు. ఆ మాట నమ్మాను. నాదే బుద్ధితక్కువ.

నిజానికి మీ మీద గౌరవంతోనే మొదలుపెట్టాను. మీరూ మాలాగే కాలువ కింద పండినవారు. మీ బియ్యం రకానికున్న ఆర్బోరియో అనే పేరు ఇటలీలో పో నది మైదానంలో ఒక ఊరిదేనని, అక్కడి వరి పొలాలకి నీళ్ళు తెచ్చే కాలువ 1866లో పూర్తయిందని చదివాను. ఆ కాలువ పేరు కావూర్ అట. మా పుట్టింటి వైపు పాత గుంటూరు జిల్లాలో కావూరు అనే ఊరే ఉంది. బెజవాడలో కృష్ణకి ఆనకట్ట 1855కే కట్టేశారు కాబట్టి వరసకి మేమే పెద్ద. అయినా మీరు చెప్పినట్టే విన్నాను.

మొదటి తగువు బియ్యం కడగొద్దన్న దగ్గర వచ్చింది. కడిగితే గింజ మీది పిండి పోతుందట, మీకా వెన్నలాంటి చిక్కదనం ఇచ్చేది ఆ పిండేనట. శాస్త్రం బాగానే ఉంది. కానీ మా అత్తయ్యగారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"కడగవా?"

"కడక్కూడదట అత్తయ్యగారూ."

"మరి కరివేపాకు చెట్టుకి కడుగునీళ్ళేవీ?"

ఆ చెట్టు ఇరవై ఏళ్ళుగా బియ్యం కడుగు తాగే బతుకుతోంది. నిన్న దానికి పస్తు. ఆవిడ అసలు బాధ వేరే. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ రకం, అదీ ఏడాది పాతబడిన బియ్యం తెప్పించి, మెతుకు మెతుకూ విడిగా రాలేలా వండడం నాకు నేర్పింది ఆవిడే. కాస్త ముద్దయితే "సంకటి వండావా అమ్మాయ్" అనేవారు. ఇప్పుడు మీరొచ్చి ముద్ద కావడమే విద్య అంటారు.

వైన్ బదులు నిమ్మరసం పిండాను. దాని మీద మావారు ఒక జోకు వేశారు, ఇక్కడ రాయను. అసలైన పర్మేజాన్ చీజ్ చేయడానికి పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనని తెలిశాక అది మా గడప తొక్కలేదు, ఫ్రిజ్‌లో ఉన్న చీజ్ క్యూబులే తురిమాను. స్టాక్ అంటే ములక్కాడ, క్యారెట్, ఉల్లిపాయ ఉడికిన నీళ్ళు. ఇవన్నీ సర్దుకున్నాం. నూడుల్స్‌లో కరివేపాకు వేసిన ఇల్లు, పాస్తాకి పోపు పెట్టిన ఇల్లు మాది. సర్దుకోవడం మాకు కొత్త కాదు.

నేను క్షమించలేనిది ఒకటే. మీకు ఆగడం తెలీదు.

గరిటెడు వేడినీళ్ళు పోయాలి, ఇంకేదాకా కలపాలి, మళ్ళీ గరిటెడు. స్టాక్ కాచిన సంగతి వదిలేసినా, ఈ కలపడమే ఇరవై నిమిషాలు. మే నెలలో, బెజవాడలో, మంట రెపరెపలాడుతోందని ఫ్యాన్ కట్టేసుకుని. సరే, కలిపాను. దించి వెన్న, చీజ్ వేశాక చివరి లైను చదివాను: "వెంటనే వడ్డించండి."

వెంటనే అట! ఆ ముక్క రాసినవాళ్ళకి అత్తమామలు లేరా? మా ఇంట్లో "భోజనానికి రండి" అన్న కేకకీ, చివరి మనిషి కంచం ముందు కూర్చోవడానికీ మధ్య నలభై నిమిషాలు. మామయ్యగారు ఆ కేక విన్నాకే తలస్నానానికి లేస్తారు. మావారికి అప్పుడే ఫోనొస్తుంది. మిమ్మల్ని పిలిచిన మహానుభావుడు "టూ మినిట్స్ అమ్మా" అని గది తలుపేసుకున్నాడు. అత్తయ్యగారు అందరూ తింటే గానీ కూర్చోరు.

మా వంటలకి ఈ నలభై నిమిషాల సంగతి తెలుసు. పులిహోర ఆగేకొద్దీ పులుపు పడుతుంది. పప్పుచారు రాత్రికి బాగుంటుంది, గోంగూర పచ్చడి మర్నాటికి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపాక ఏడాదంతా జాడీలో ఓపిగ్గా కూర్చుంటుంది. మీరో? పది నిమిషాలు. పది నిమిషాలకే అలిగి గడ్డకట్టారు. వడ్డిద్దామని గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది.

అంత చెమటోడ్చి కలిపిన మనిషి కోసం పావుగంట ఆగలేవా? ఎవర్ని చూసుకుని ఆ పొగరు? ఏముందని నీలో? మిరియాలు మర్చిపోయిన కట్టెపొంగలివి నువ్వు!

మన్నించాలి. మీరు.

అత్తయ్యగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా లేచి వెళ్ళి ఆవకాయ జాడీ తెచ్చారు. వెల్లుల్లి వాసనకి మీ కుంకుమపువ్వు మాయమైపోయింది. ఉక్రోషం ఆపుకోలేక, "గుంటూరు మిరపకాయ మాత్రం మనదా అత్తయ్యగారూ, పోర్చుగీసువాళ్ళ ఓడ దిగిందే కదా" అన్నాను. "దిగితే దిగింది. మన పద్ధతి నేర్చుకుంది కదా" అన్నారావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాయండి.

సాయంత్రం గిన్నెడు మిగిలారు. పారేయడానికి మనసొప్పలేదు. పూర్ణాల్లా చుట్టి, కాస్త వాము వేసిన శనగపిండి జారులో ముంచి కళాయిలో వదిలాను. సిసిలీలోనూ అన్నం ఇలాగే ఉండలు చుట్టి వేయిస్తారని, అరాన్చీనీ అంటారని మా అబ్బాయి గది లోపలి నుంచే సెలవిచ్చాడు. ఈసారి మాత్రం తలుపు తీసుకుని వచ్చాడు. మామయ్యగారు పిలవకుండానే వచ్చారు. అత్తయ్యగారు అల్లం పచ్చడితో నాలుగు తిని, ఐదోది విరిచి లోపల సాగుతున్న చీజ్‌ని కాసేపు చూసి, అదీ తిన్నారు.

ప్యాకెట్లో మీరింకా పావుకిలో ఉన్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం. ఈసారి కడుగుతాను, కరివేపాకు చెట్టుకి మాటిచ్చాను.

ఇట్లు,
జండూబామ్ వాసనతో,
మీ సత్యనారాయణపురం గృహిణి