మందు చీటీ రాసే ముందు జన్యువు చూడాలి

ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి మత్తు డాక్టర్లు స్కోలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒంట్లో కండరాలన్నీ సడలిపోతాయి, ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును చకచకా కరిగించేస్తుంది కాబట్టి కొద్ది నిమిషాల్లోనే దాని పట్టు వదులుతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ పనిచేయని వాళ్లకు మాత్రం అదే డోసు గంటల తరబడి దిగదు. ఆపరేషన్ పూర్తయినా ఛాతీ కదలదు. వెంటిలేటర్ మీద ఉంచితే మెల్లగా కోలుకుంటారు. ఆ వసతి సరిగా లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో అయితే ప్రాణం మీదికొస్తుంది.

ఈ లోపం మన వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌లోని జీవ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన కూడా ఈ సంగతిని ప్రస్తావించింది. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే కారణం. ఆ పరిశోధన పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాలది ఇలాంటి చరిత్రే. అంటే ఇది ఒక్క కులం గొడవ కాదు.

కులం అడిగి వైద్యం చేస్తారా అని కొందరి అభ్యంతరం. ఆ భయంలో న్యాయముంది. కానీ నేనడిగేది కులం చూడమని కాదు, రక్తం చూడమని. పురుగుల మందు తాగి వచ్చిన వాళ్లకు చేసే కోలినెస్టరేజ్ పరీక్షే ఈ లోపాన్నీ పట్టిస్తుంది. ఖర్చు ఎక్కువన్న మాట ఇక్కడ నిలవదు.

గుండెకు స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ సంగతి ఇంకా ఘోరం. ఈ మాత్రను కాలేయంలోని సీవైపీ2సీ19 ఎంజైమ్ మార్చితేనే అది మందుగా పనిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ తప్పకుండా మాత్ర మింగుతున్నా స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పొంచే ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే దీని మీద అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. బ్రిటన్‌లో స్థిరపడిన పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాల్లో 57 శాతం మందికి ఈ బలహీనత ఉందని 2023లో తేలింది. పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష చేయాలని 2024లో ఆ దేశ వైద్య మార్గదర్శక సంస్థ చెప్పింది. మన దగ్గర? టికాగ్రెలార్ లాంటి ప్రత్యామ్నాయాలు షాపుల్లో ఉన్నా, ఎవరికి ఏది పనిచేస్తుందో చూడకుండానే చీటీలు రాసేస్తున్నారు.

కేంద్ర ప్రభుత్వ జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 10,000 మంది జన్యు సమాచారాన్ని ప్రజల సొమ్ముతోనే సేకరించారు. 2025 జనవరిలో దాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఆ ఫలం ల్యాబుల్లోనే ఆగిపోతే ఎవరికి లాభం? ప్రతి సర్జరీకి ముందు నింపే ఫారంలో ‘మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి అందడం ఆలస్యమైందా’ అన్న ప్రశ్న ఉండాలి. ఒకసారి చేసిన జన్యు పరీక్ష ఫలితం ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతాలో చేరాలి. ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా డాక్టరు చీటీ రాసే ముందే అది కళ్లబడాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఈ పనిని స్టెంట్ వేసే ఆసుపత్రుల నుంచే మొదలుపెట్టవచ్చు.